మలేసియా కన్న ముందు అమీర్‌పేట

హైందవీ, గా ఫోను జర పక్కకు పెట్టు బిడ్డా. గిట్ల రా, నా మోకాలుకు ఆనుకోని కూసో. ముచ్చట దూరంకెళ్ళి వింటే చెవుల దాకనే వస్తది, దగ్గర కూసుంటేనే లోపటికి పోతది. పొద్దున అడిగినవు గద, వనితత్త పిల్లల తోలుకోని మలేసియా పోయి ఏం చూపిస్తుందని. ఆడి ముచ్చట ఆమె వచ్చినంక ఆమెనే చెప్తది. నాకు ఈడిది ఎర్క. అసలు పని ఈడనే అయింది, గీ అమీర్‌పేటల, నువ్వు కూసున్న గీ బండల మీదనే.

మీ వనితత్త యూనివర్సిటీల తిండి గురించి చదువు చెప్తది గద. తిండికి సుత చదువేందని నేను మొదట్ల నవ్విన. రోడ్డు మీద బండి పెట్టుకునేటోళ్ళు నీళ్ళు యాడికెళ్ళి తెస్తరు, నూనె ఎన్నిమాట్ల కాగవెడ్తరు, సర్కారోళ్ళు వాళ్ళకు జాగ ఇస్తరా, తరుముతరా, గదంత చదువేనట. మలేసియాల పెనాంగ్ అని ఒక దీవి ఉన్నదట. ఆడ గీ బండ్లోళ్ళ కోసమే పెద్ద పెద్ద షెడ్లు ఏసిండ్రట, నల్లా ఉంటది, మోరీ ఉంటది, కూసోనీకె బల్లలుంటయి. గవి చూపియ్యనీకె తన క్లాసు పిల్లలను పన్నెండు మందిని మూడు వారాలు తోలుకపోవాలని పట్టు పట్టింది. ఆడి యూనివర్సిటీ మేడం తోని మాట్లాడుడు, పిల్లల అమ్మనాయనలను ఒప్పిచ్చుడు, ఎవరు ఎవరితోని ఒక్క రూముల ఉంటరో చూసుడు. చేతిల గంటె ఉన్నా చెవుల ఫోను ఉంటుండె.

మీ మామ దినేశ్ సనత్‌నగర్ ఫ్యాక్టరీకెళ్ళి వచ్చి టిఫిన్ డబ్బా సింకుల పెట్టుకుంట, "అమ్మా, నీ కోడలు ఇంకా ఇండియాలనే ఉన్నదా?" అని అడుగుతుండె రోజు.

పోయేందుకు ఇంకో పది పదిహేను రోజులున్నయనంగ, ఒక మంగళారం పొద్దుగాల, పిల్లలందరిని మన గేటు కాడికి పిలిచింది. నేను బాల్కనీల నిలవడి చూస్తున్న.

"ఇయ్యాల మీరు హైదరాబాదోళ్ళు కారు" అన్నది. "ఇప్పుడే విమానం దిగిన్రు. మీకు తెలుగు రాదు, హిందీ రాదు. మీ ఇంగ్లీషు ఎదుటోళ్ళకు రాదు. ఫోన్లు నా సంచిల ఎయ్యిండ్రి. ముగ్గురు బండ్లోళ్ళ తోని మాట కలపాలె, నీళ్ళు యాడియో తెలుసుకోవాలె, కడుపు నింపుకోవాలె. పొద్దు నెత్తి మీదికి వచ్చేవరకు పంజాగుట్ట మెట్రో మెట్ల కింద ఉండాలె."

"మేడం, నడిచి పోవాల్నా?" అన్నడు సైలస్. గా పోరడు పొడుగ్గ, ఎప్పుడు నవ్వుకుంట ఉంటడు, వాళ్ళ నాయన చర్చిల పాటలు పాడుతడట.

"రెక్కలుంటె ఎగిరి పో" అన్నది మీ అత్త.

గామెది ఇంకో పద్ధతి ఉన్నది విను. అందరు పిల్లలను లెక్కపెట్టినట్టు ఒకటి, రెండు, మూడు అని తలకాయలు లెక్కపెట్టది. ఇద్దరిద్దరిని జోడీ చేసింది. "జోడీ?" అని ఒర్రుతది. ఒర్రంగనే ఎవరి చెయ్యి వాళ్ళు ఎత్తుడు కాదు, పక్కోళ్ళ చెయ్యి పట్టుకోని ఎత్తాలె. పక్కన మనిషి లేకుంటె చెయ్యి దొరకది గద! మేము మేడారం జాతరకు పోయినప్పుడు కొంగుకు కొంగు ముడేసుకోని నడిచినట్టే.

చంద్రికకు ఒలీవియా జోడి. చంద్రిక సన్నగ, మాట తక్కువ. చదువుల ముందు. ఒలీవియా దానికి ఉల్టా, దాని నోరు బేగంపేట దాక వినవడ్తది. సైలస్‌కు భార్గవ్ జోడి. గా భార్గవ్ పన్నెండు మందిల లేడు. ఎవలన్న ఆగిపోతే పోయేటందుకు వెయిటింగ్ పెట్టిండ్రు. సైలస్ అసలు జోడికి ఆ దినం జెరమొస్తె, మీ అత్త భార్గవ్‌ను పిలిచింది. మన గల్లీ పోరడే, మంచి పిల్లగాడు.

ఇగ చూడు గమ్మతి. సైలస్ మన మూల మీద ఐలయ్య ఇడ్లీ బండి కాడికి పోయి, నోటి తోని మాట్లాడకుంట చేతులు తిప్పుకుంట నీళ్ళ డ్రమ్ము చూపిస్తుండు, నూనె బాండి చూపిస్తుండు, "యాడియి? ఎన్నిమాట్ల?" అని వేళ్ళు ముడుస్తుండు. ఐలయ్య చూసి చూసి భార్య దిక్కు తిరిగి, "అయ్యో పాపం, మాటలు రావే పోరనికి. ఇంకో రెండు వడలెయ్యి, పైసలు అడగకు" అన్నడు. భార్గవ్ నవ్వు ఆగక బండి ఎనుకకు పోయి కూసున్నడు. తర్వాత నాలుగొద్దులకు సైలస్ గదే బండి కాడ ఫోనుల జోరుగ తెలుగు మాట్లాడుకుంట పోతుంటె ఐలయ్య కాలరు పట్టుకున్నడు. "నా వడలు నాకు కక్కు రా!" అని.

ఇగ మీ అత్త అందరి కన్న ముందు పంజాగుట్టకు పోయి నిలవడ్డది. సంచిల పన్నెండు ఫోన్లు, అవి గుర్రుగుర్రుమనుకుంట ఉన్నయి. నడుమల ఒక ఫోను అలారం కొట్టింది. ఎవరిదో చూడకుంటనే బంద్ చేసింది. పిల్లలు ఇద్దరిద్దరు వస్తున్నరు, చెమటలు, నవ్వులు. అందరు వచ్చిన్రనుకోని "జోడీ?" అన్నది.

చేతులు లేసినయి. ఒలీవియా సుత పక్కకు చూడకుంటనే చెయ్యి చాపింది, పైకెత్తింది. చూస్తె చేతిల ఏం లేదు.

"మేడం, చంద్రిక ఇప్పటిదాక నా ఎనకనే ఉండె!"

మీ అత్త చుట్టుముట్టు చూసిందట. బస్సులు, ఆటోలు, మెట్రోల నుంచి దిగేటోళ్ళు, పంజాగుట్ట చౌరస్త నీకు ఎర్కనే గద. ఫోను చేద్దామంటె ఆ పిల్ల ఫోను తన సంచిలనే ఉండె. తను పెట్టిన రూలు తన మెడకే సుట్టుకున్నది. పిల్లలను మెట్ల కాడనే నిలవెట్టి, ఒక్కొక్క కంబం ఎనక చూసుకుంట పోయింది. చెరుకురసం బండి అవుతల, కంబం నీడల, దిమ్మె మీద కూసోని ఉన్నది చంద్రిక. ఒక చేతిల నీళ్ళ సీస, ఒక చేతిల గోలీల పత్తా.

"ఏమైంది బిడ్డా?"

చంద్రిక గోలీలను గుప్పిట్ల దాసుకోబోయింది. గని దాసుకోలే.

"అలారం మీ సంచిలనే మోగి ఉంటది మేడం. టైం దాటిపాయె. అందరి ముందట ఏసుకోను నేను. గందుకే ఇటు వచ్చిన." మళ్ల అన్నది, "నాకు ఫిట్స్ వస్తయి మేడం. చిన్నప్పటి సంది. గోలీలేసుకుంటె రావు, వచ్చి ఏడాది దాటింది. ఆరోగ్యం కాయితంల ఏం లేదని రాసిన. అమ్మ రాయొద్దన్నది."

మీ అత్త పక్కపొంటి కూసున్నది.

"నన్ను తీసేయకుండ్రి మేడం."

"ముందుగాల గోలి ఏసుకో" అన్నది మీ అత్త. ఏసుకునే దాక ఆడనే కూసోని, చెయ్యి పట్టుకోని తోల్కొచ్చింది. అందరి ముందట ఏం అనలే. ఒలీవియా మాత్రం రుసరుసలాడుకుంట చంద్రిక చెయ్యి గట్టిగ పట్టుకున్నది, ఇంటికి పోయేదాక ఇడవలే.

దాస్తె అయ్యే పని కాదు గది. తోలుకపోయేటామె మీద బాధ్యత ఉంటది. తెల్లారి మీ అత్త యూనివర్సిటీల తన పైన ఉండే పెద్ద సారుకు చెప్పింది. గాయన పేరు హనుమత్ప్రసాద్, ఆంధ్ర దిక్కాయన, మెత్తగ మాట్లాడుతడు. చెడ్డోడు కాదు బిడ్డా, భయమున్నోడు. టేబుల్ మీద మనీప్లాంట్ పెట్టుకోని, సీస మూతతోని కొన్ని కొన్ని నీళ్ళు పోస్తడట, ఎక్కువైతె కుళ్ళిపోతదని.

"ఏంటండీ వనిత గారూ ఇది" అన్నడట. "అక్కడ నడిరోడ్డు మీద పడిపోతే ఎవరు చూస్తారు? దేశం కాని దేశం. ఆ అమ్మాయి పేరు తీసేసి భార్గవ్‌ని వేసేయండి. ఎలాగూ వెయిటింగ్‌లో ఉన్నాడుగా."

"చంద్రిక మార్కుల మీద వచ్చింది సార్."

"మార్కులు ఎవరు కాదన్నారండీ? అబద్ధం రాసింది. అది చాలదూ?"

మీ అత్త ఎప్పుడు గొంతు లేపది. ఆ దినం సుత లేపలే. "నిజం రాస్తె జబ్బున్నదని తీసేస్తం. అబద్ధం రాస్తె అబద్ధమని తీసేస్తం. మరి ఆ పిల్ల ఏం రాయాలె సార్?"

సారు సీస మూత కింద పెట్టిండట. మనీప్లాంట్ దిక్కు చూసుకుంట కూసున్నడు.

"శుక్రారం పొద్దుగూకంగ మా ఇంటికి రండ్రి సార్. పిల్లలందరు ఉంటరు. చూసినంక సుత తీసేయమంటె నా చేతులతోనే తీసేస్త."

"వస్తానండీ. కానీ నా మాట మారదు" అన్నడు.

ఇగ మీ అత్త ఆగలే. చంద్రికను తోలుకోని పంజాగుట్ట పెద్ద దవాఖానల ఆ పిల్లను చూసే డాక్టరమ్మ కాడికి పోయింది. పొయ్యొచ్చు, ఏం ఫికర్ లేదన్నదామె. గోలి తప్పొద్దు, నిద్ర తప్పొద్దు, గంతె. ఆడ పొద్దు మనకన్న ముందు పొడుస్తది గద, గోలి టైం ఎట్ల జరపాల్నో సుత చెప్పింది.

ఇంటికొచ్చి మీ అత్త గీ బండల మీదనే బాసింపట్టు ఏసుకోని తన ప్లానంత మళ్ల రాసింది. విమానం ఏమో రాత్రిది. దిగంగనే తెల్లారగట్ల చేపల బజారు చూపియ్యాలని పెట్టుకున్నది ముందుగాల. గది కొట్టేసింది. మొదటి దినం అందరు పండుకోవాలె అని రాసింది. చంద్రిక ఒక్కతే పండుకోవాలని రాయలే చూడు. అందరు అని రాసింది.

మీ మామ తొంగి చూసి, "పండుకోనీకె మలేసియా దాక ఎందుకే? మా రూముల చాపలేస్త రమ్మను" అన్నడు. మీ అత్త రబ్బరు ఇసిరింది గాయన మీదికి.

గని అసలు చిక్కు ఏడున్నదంటె, చంద్రిక అమ్మ కాడ. లచ్చమ్మ ఆమె పేరు. మన ఎనక గల్లీల ఆడపిల్లల హాస్టల్ ఉన్నది గద, కోచింగులకు వచ్చిన పిల్లలు ఉంటరు, గా హాస్టల్ల వంట చేస్తది. తోటి పిల్లలకు చెప్పకుంట చంద్రికను తోలుకపోతె లాభం లేదన్నది మీ అత్త. పక్క మంచం మీద పండుకునే పిల్లకే తెల్వకుంటె, రాత్రి ఏమన్న అయితె ఎవరు చూడాలె? తల్లి మాట లేకుంట చెప్పొద్దు. నన్ను సుత తోలుకపోయింది, పెద్దమనిషి ఉంటె మంచిగుంటదని.

పొయ్యినం. అల్మీనం గంజు ఇంత పెద్దది, సాంబారు ఉడుకుతున్నది. లచ్చమ్మ కత్తిపీట ముందట కూసోని సొరకాయ కోస్తున్నది. మీ అత్త నోరు తెరవంగనే, "మెల్లగ మేడం" అని కండ్లతోనే తలుపు దిక్కు చూపిచ్చింది. అన్నం గిన్నె పట్టుకోని పిల్లలు అటు ఇటు తిరుగుతున్నరు. వాళ్ళు పోయినంక అన్నది, "మా ఆడబిడ్డకు సుత తెల్వదు మేడం. పది మందికి తెలిస్తె రేపు నా బిడ్డను ఎవరు చేసుకుంటరు? పేరు పెడ్తరు. ఫిట్స్ పిల్ల అంటరు. మీరు తోలుకపొయ్యి మళ్ల తోలుకొస్తరు. ఆ పేరు మాత్రం నా బిడ్డ ఎంబడే ఉంటది."

అబద్ధం ఎందుకు, ఆమె అన్నది నిజమే. గట్లనే అంటరు గద లోకం.

ఆమె బొడ్ల ఒక ఇనుప తాళంచెవి కనవడ్డది నాకు. పాతది, పెద్దది.

"లచ్చమ్మా, గది ఏ తాళానిదే?"

ఆమె చెయ్యి దాని మీదికి పోయింది. "ఏ తాళానిది కాదు పెద్దవ్వా. బిడ్డ పడితె చేతిల పెట్టనీకె. దాని కాలేజి సంచిల సుత ఒకటి కుట్టిన, లోపట అస్తరుల. యాడ పడ్డా ఉండనీ అని."

మీకు తెల్వది గని హైందవీ, మా దిక్కు ఎవరు పడ్డా గదే చేసేది. ఇనుము చేతిల పెట్టాలె, తాళపుచెవుల గుత్తి పెట్టాలె. మా అమ్మ పెట్టింది, మా అత్త పెట్టింది, నేను సుత పెట్టిన. పెట్టంగనే తగ్గుతుండె. మీ వనితత్త నవ్వలే.

"తగ్గుతది అమ్మా" అన్నది. "పెట్టినా తగ్గుతది, పెట్టకున్నా తగ్గుతది, దానంతట అదే ఆగుతది. గని మనం తాళంచెవి ఎతికే లోపల తల బండకు కొట్టుకుంటది. ముందుగాల తల కింద ఏదన్న మెత్తటిది పెట్టాలె, పక్కకు తిప్పాలె. మీ బిడ్డ తల కింద పెట్టనీకె ఆడ చెయ్యి కావాలె. శుక్రారం మా ఇంట్ల పిల్లలకు చెప్పనియ్యుండ్రి, గందుకే వచ్చిన."

లచ్చమ్మ కోస్తనే ఉన్నది. చంద్రిక ఎప్పుడొచ్చిందో తలుపు కాడ నిలవడ్డది. సంచి భుజాన ఉన్నది.

"అమ్మా, మంగళారం నేను గా కంబం ఎనక ఒక్కదాన్నే కూసున్న. టైం దాటిపోయింది. వస్తదేమోనని భయం కాలే నాకు. వస్తె నా పక్కపొంటి ఎవ్వలు లేరని భయమైంది."

సాంబారు పొంగింది. లచ్చమ్మ లేసి మంట తగ్గిచ్చి, గంటె తిప్పి, మూత పెట్టింది. మా దిక్కు తిరగలే.

"శుక్రారం నేను సుత వస్త" అన్నది గంజు తోని చెప్పినట్టు.

శుక్రారం మన హాలు చూడాలె నువ్వు. సోఫా గోడకు జరిపినం. బండల మీద పిల్లలు, నడుమల మిర్చిబజ్జీల పొట్లం. భార్గవ్‌ను సుత పిలిచింది మీ అత్త. లచ్చమ్మ తలుపు కాడ చెప్పుల పక్కపొంటి కూసున్నది, లోపటికి రమ్మంటె రాలే. చంద్రిక ఫ్రిజ్‌కు ఆనుకోని నిలవడి చెప్పింది. గోడ మీది క్యాలెండర్ దిక్కు చూసుకుంట, పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. 

ముందుగాల ఒలీవియా లేసింది. "పెనాంగ్‌ల నేను నీ రూమ్మేట్‌నే! ఆ దినం నీ చెయ్యి ఎత్తబోతె నా చేతిలకు గాలొచ్చిందే, నా పానం పోయింది ఎర్కనా? నాకు చెప్పలే నువ్వు!" అని ఏడుపు మొఖం తోని ఒర్రింది. ఒర్రుకుంటనే పోయి చంద్రిక పక్కపొంటి ఫ్రిజ్‌కు ఆనుకున్నది.

తర్వాత అందరి కండ్లు మెల్లగ భార్గవ్ దిక్కు తిరిగినయి. వాడు బజ్జీ కింద పెట్టిండు.

"నన్నెందుకు చూస్తరు భాయ్?" అన్నడు. మళ్ల చంద్రికను అడిగిండు, "నిద్రల వస్తె పక్కోళ్ళకు ఎట్ల ఎర్కైతది?"

గంతె. ఆ ఒక్క మాట తోని హాలంత కదిలింది. ఒకలి మీద ఒకలు అడుగుడు. మీ అత్త ఒక్కొక్కటి చెప్పింది. నోట్ల ఏం పెట్టొద్దు. చేతులు కాళ్ళు గట్టిగ పట్టుకోవద్దు. పక్కకు తిప్పాలె. గడియారం చూడాలె, ఐదు నిమిషాలు దాటితె అంబులెన్సు. "ఇగ చేసి చూద్దాం. ఎవరు పడతరు?"

"నేను!" అని సైలస్ ధన్‌మని పడ్డడు, సినిమాల విలన్‌కు గుండు తగిలినట్టు. అందరు నవ్విన్రు. చంద్రిక సుత నవ్వింది.

"గట్లనేనా నువ్వు పడేది?" అన్నడు వాడు కిందికెళ్ళి.

"నాకు తెల్వది" అన్నది చంద్రిక. "నేనెట్ల పడతనో నేనెప్పుడు చూడలె గద."

నవ్వులు ఆగినయి. చూసినామె ఒక్కతే ఉన్నది ఆ ఇంట్ల. అందరు తలుపు దిక్కు తిరిగిన్రు.

లచ్చమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకోని కూసున్నది. తర్వాత లేసి లోపటికొచ్చింది. "గట్ల కాదు కొడుకా" అన్నది సైలస్‌తోని. "ముందుగాల ఎడమ చెయ్యి బిగుసుకపోతది. గిట్ల. కండ్లు పైకి పోతయి. పిలిస్తె పలకది. అప్పుడు పడుతది." ఆడబిడ్డకు సుత చెప్పని తల్లి, పదమూడు మంది పిల్లల నడుమల చెయ్యి వంచి చూపిస్తున్నది.

నాకు కూసోబుద్ధి కాలే. "జరుగుండ్రి, నేను పడత" అన్న. "మీరు పడి నడుము పట్టుకుంటె మీ అమ్మలకు ఎవరు జవాబు చెప్పాలె?" చాపేసుకోని పండుకున్న. లచ్చమ్మ నా పక్కపొంటి మోకాళ్ళ మీద కూసోని నా ఎడమ చెయ్యి వంచింది, మెడ తిప్పింది. నేను కండ్లు పైకి తిప్పి గడగడ వణుకుడు మొదలువెట్టిన. మంచిగనే చేసిన గావొచ్చు. ఎందుకంటె అప్పుడే తలుపు కాడికి పెద్ద సారు వచ్చిండు.

"అయ్యయ్యో! మామ్మగారికి ఏమైందండీ!" బూట్లు సుత ఇప్పలే, ఉరికొచ్చిండు. "జరగండి, జరగండి! ఇనుము! ఎవరి దగ్గరైనా ఇనుముందా?" ఎవలు ఇచ్చేలోపలనే జేబుల చెయ్యి పెట్టి తన బండి తాళాలు తీసి నా గుప్పిట్ల కుక్కి, వేళ్ళు గట్టిగ మూసిండు. సల్లగ తగిలినయి.

నవ్వు ఆపుకునుడు నిజం ఫిట్స్ కన్న కష్టం బిడ్డా.

పిల్లలు నవ్వలే. చూడు మరి. ఒక్కలు నవ్వలే. భార్గవ్ సారు భుజం మీద చెయ్యి ఏసిండు. "సార్, తాళాలొద్దు సార్. జర ఎనుకకు జరుగుండ్రి, గాలి రావాలె." నా గుప్పిట ఇప్పి తాళాలు తీసి పక్కకు పెట్టిండు. ఒలీవియా చున్నీ మడిచి నా తల కింద పెట్టింది. ఇద్దరు కలిసి నన్ను పక్కకు తిప్పిన్రు, గుడ్డును తిప్పినంత మెల్లగ. "అమ్మమ్మా, మేము ఈడనే ఉన్నం" అని ఒలీవియా చెవుల చెప్తున్నది. దాని నోట్ల అంత మెత్తటి మాట ఉంటదని నాకు అప్పుడే ఎర్కైంది. సైలస్ గడియారం చూసుకుంట, "ఒక నిమిషం అయింది" అంటుండు.

సారు ఫోను తీసిండు. "అంబులెన్సు పిలుస్తాను!"

"ఐదు నిమిషాలు దాటితెనే సార్" అన్నది చంద్రిక.

నేను ఇగ ఆగలేకపోయిన. ఒక కన్ను తెరిచి, "సారూ, చాయ తాగుతరా?" అన్న.

అప్పుడు పొంగింది చూడు నవ్వు! పక్కింటోళ్ళు బయటికొచ్చిన్రు. సారు కుర్చీల కూలవడ్డడు, చెవులు ఎర్రగైనయి. చాయ సగం తాగినంక మాట వచ్చింది. "మా ఊళ్ళో అంతేనండీ. ఎవరు పడినా ముందు చేయి జేబులోకే పోతుంది."

లచ్చమ్మ బొడ్లకెళ్ళి తన తాళంచెవి తీసి చూపిచ్చింది. "మాది సుత గంతె సారూ."

సారు ఆ చెవి దిక్కు చూసిండు, ఆమె దిక్కు చూసిండు. చంద్రిక తల్లి అని ఆయనకు ఎవరు చెప్పలే. చెప్పే పని లేకుండె. కప్పు కింద పెట్టి అడిగిండు, "సరే, ఇది ఇల్లు. పడుకోబెట్టారు. విమానంలో సీట్లో ఉండగా వస్తే? తిప్పడానికి చోటేదీ?"

పిల్లలు మీ అత్త దిక్కు చూసిన్రు. మీ అత్త, "గది నేను ఆలోచన చెయ్యలే సార్" అన్నది ఉన్నమాట.

ఇగ ఇట్లనే తీసేయమంటడు అనుకున్న నేను. సారు లేసిండు. బూట్లు ఇప్పి తలుపు కాడ పెట్టొచ్చిండు. మన అన్నం బల్ల కాడికెళ్ళి మూడు కుర్చీలు ఈడ్చుకొచ్చి ఒక వరుసల ఏసిండు. ముందట సోఫా జరిపిచ్చిండు, ముందు సీటు లెక్క. నడుమ కుర్చీల తను కూసోని నడుముకు బెల్టు పెట్టుకున్నట్టు చేసి, "నేను చంద్రికని. కానీండి" అన్నడు.

ఒక పారి చేసిన్రు. సారు తల ముందు సోఫాకు తగిలింది. "ఇలా కాదు, మళ్ళీ" అన్నడు. రెండోపారి నడుమల చెయ్యి పెట్టుకునేది పైకి లేపి, పక్కకు ఒరగవెట్టిన్రు. సారు మొత్తం పోయి ఒలీవియా మీద పడ్డడు. "సార్, మస్తు బరువున్నరు సార్ మీరు!" అన్నదది. మూడోపారికి కుదిరింది. నడిచే దారి పక్కన అంచు సీట్ల ఉంటె ఇంకా అలకగ అయితదని భార్గవ్ అన్నడు. మళ్ల గది చేసిన్రు. బజ్జీలు సల్లగైనయి, ఎవలు ముట్టలే.

పోయేటప్పుడు సారు బూట్లేసుకుంట మీ అత్తను పిలిచిండు. "వనిత గారూ, టికెట్లలో ఆ అమ్మాయికి కిటికీ పక్కన వద్దు. అంచు సీటు వేయించండి" అని మెట్లు దిగిండు.

మీ అత్త కప్పులు పట్టుకోని ఆడనే నిలవడ్డది. జరసేపటికి గని ఆ మాట ఏందో ఎక్కలే ఆమెకు. ఎక్కినంక కప్పులు నా చేతిల పెట్టి వంటింట్లకు పోయింది, నల్లా ఇప్పింది. మొఖం కడుక్కున్నదో ఏడ్చిందో నేను పోయి చూడలే.

సారు మళ్ల మెట్లెక్కి వచ్చిండు. "మామ్మగారూ, నా బండి తాళాలు..."

భార్గవ్ అందరి కన్న ఎనుక పోయిండు. మెట్ల మీద కూసోని లేసులు కట్టుకుంటుండు. నేను పోయి పక్కపొంటి కూసున్న.

"మనసుల ఉండె అమ్మమ్మా" అన్నడు తల లేపకుంటనే. "సార్ ఆమెను తీసేస్తె నేను పోతనని. లేకుండె అంటె అబద్ధమైతది."

"మరి తాళాలెందుకు తీసినవ్ రా?"

"తియ్యకుంటె ఎట్ల?" అన్నడు, నేనేదో తెల్వని మాట అడిగినట్టు.

వాడు పోలే బిడ్డా. పన్నెండు మంది పన్నెండు మందే పోయిన్రు. గది ఒక్కటి నాకు ఇంకా కలుక్కుమంటనే ఉన్నది. అందరి ముచ్చట మంచిగ కావుడు యాడ ఉంటది? పెనాంగ్‌ల ఏం చూస్తున్నరో దినాం సైలస్ వాడికి ఫోటోలు పంపుతుండట. వాడు మన ఐలయ్య బండి ఫోటో తీసి పంపుతుండట.

పోయే దినం మూల మీద బస్సు పెట్టిన్రు. అమ్మలు, నాయనలు, పులిహోర డబ్బాలు, ఏడుపులు. ఐలయ్య వచ్చి సైలస్ చేతిల వడల పొట్లం పెట్టి, "ఆడ మాట్లాడి కొనుక్కో రా" అన్నడు. లచ్చమ్మ బిడ్డ సంచి ఒళ్ళ పెట్టుకోని దిమ్మె మీద కూసున్నది. అస్తరు తిరగేసి, కుట్టు పంటితోని కొరికింది. ఒక్కొక్క పోగు లాగి, లోపటి తాళంచెవి తీసి, తన కొంగుకు ముడేసుకున్నది.

"విమానంల ఇనుము తీస్కపోనియ్యరట గద మేడం" అన్నది.

ఎవరు అనలే గట్ల. ఒక్క తాళంచెవికి ఎవరు అడ్డం చెప్పరని మీ అత్తకు ఎర్కే.

"అవునమ్మా" అన్నది మీ అత్త. "పోనియ్యరు."

బస్సు కదిలే ముందు మీ అత్త ముందట నిలవడి ఒర్రింది, "జోడీ?" అద్దాల అవుతల చేతులు లేసినయి. ఒలీవియా చంద్రిక చెయ్యి పట్టుకోని బస్సు కప్పుకు తాకేటట్టు ఎత్తింది. కింద నా పక్కపొంటి లచ్చమ్మ ఉండె. నేనేం ఆలోచన చెయ్యలే, ఆమె చెయ్యి పట్టుకోని పైకి ఎత్తిన.

గిదీ ముచ్చట. ఇప్పుడు నా మాట ఒక్కటి విను హైందవీ. సెలవులై బడికి పోయినంక నీ దోస్తులకు చెప్పు. ఊకె నోటితోని చెప్తె ఎవలకు ఎక్కది, నా లెక్క పడి చూపియ్యి. తల కింద చున్నీ పెట్టుడు చెప్పు, పక్కకు తిప్పుడు చెప్పు. లచ్చమ్మ లేసొచ్చి చెయ్యి వంచి చూపిచ్చింది చూడు, గది మాత్రం ఇడిచిపెట్టకు. నడుమల ఏమన్న మరిచిపోయినవనుకో, సిగ్గువడకు, నాకు ఫోను చెయ్యి. చాప గీడనే ఉన్నది, నేను మళ్ల పడి చూపిస్త.